బెల్లం తూకం

మా తమ్ముణ్ణి ఏటా ఉగాది వెళ్ళాక బెల్లంతో తూచేవాళ్ళు. మా సొంతూరు పెద్దకడుబూరు పక్కన. అక్కడ అమ్మవారి జాతరలో గుడి ముందర దూలానికి పెద్ద తక్కెడ వేలాడదీసి, ఒక తట్టలో వాణ్ణి కూర్చోబెట్టి, రెండో తట్టలో బెల్లం దిమ్మెలు పేర్చేవాళ్ళు. రెండు తట్టలూ సరిసమానం కాగానే డప్పులు మోగేవి. తర్వాత ఆ బెల్లం పగలగొట్టి ఊరంతా పంచేవాళ్ళు. ఇదంతా మా అవ్వ మొక్కిన మొక్కు.

వాడు నెలలు నిండకముందే పుట్టాడు. పాలు చీకే ఓపిక కూడా లేదట, దూదిలో చుట్టి పెట్టారట. బతకడని అందరూ అనుకుంటుంటే మా అవ్వ, అంటే మా నాయన తల్లి, బస్సెక్కి ఊరికి పోయి అమ్మవారి గడప మీద తల పెట్టింది. "వీన్ని నాకియ్యి తల్లీ, వీని పెండ్లయ్యేదాకా ఏటా వీనెత్తు బెల్లం తూసి పెడ్తా" అని మొక్కింది. వాడు బతికాడు. మొదటి ఏడు ఒక్క దిమ్మె పెట్టగానే తట్ట పైకి లేచిందని చెప్తూ అవ్వ కళ్ళు తుడుచుకునేది. అంతవరకు బాగానే ఉంది. కానీ ఆ మొక్కుకు ఒక తోక ఉంది. ముందటేడు కంటే ఈ ఏడు తూకం తగ్గకూడదు. తగ్గితే అమ్మవారికి తక్కువ చేసినట్టు. ఈ నియమం ఎవరు పెట్టినారవ్వా అని ఒకసారి అడిగాను. "నోర్ముయ్యే, నీకేంటికి అయన్నీ" అంది. అంటే అవ్వే పెట్టిందన్నమాట.

మేముండేది ఎమ్మిగనూరులో, మగ్గాల వీధిలో. ఎండ ముదిరితే పోగు ఊరికే తెగుతుందని అమ్మా నాయనా తెల్లారేసరికే మగ్గం గుంతల్లో కాళ్ళు పెట్టేవాళ్ళు. పొయ్యి పని అవ్వది. జొన్నరొట్టెలు కొట్టేది, చెనిగ్గింజల, అంటే వేరుశెనగల, పొడి దంచేది. అవి మాకు. తమ్ముడికి మాత్రం వీధి చివరి బండి నుంచి ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు వచ్చేవి. బొరుగులు, అంటే మరమరాలు, నానబెట్టి తిరగమాత పెట్టే ఈ ఉగ్గాని మా వైపు అందరికీ ప్రాణమే. పండగనాడో, మగ్గం ఆగిననాడో మేమూ తినేవాళ్ళం. వాడు రోజూ తిన్నాడు, నూనె కారే బజ్జీలతో సహా.

"నాకూ ఒకటియ్యవ్వా" అని చెయ్యి చాపితే, "వానికి తూకముంది, నీకేముంది?" అనేది. ఒళ్ళు మండిపోయేది నాకు. పొట్లం కట్టిన కాగితానికి అంటుకున్న బొరుగులు ఏరుకుని తినేదాన్ని. ఛీ, ఈ ఇంట్లో ఆడదాన్నై ఎందుకు పుట్టానా అని గోడవైపు తిరిగి ఏడ్చేదాన్ని. గట్టి జొన్నరొట్టె నములుతూ వాడి పళ్ళెం వైపే చూస్తూ కూర్చునేదాన్ని.

సాయంత్రం బడి నుంచి రాగానే మళ్ళీ బజ్జీలు. మధ్యలో అంగడి పొట్లాలు, రంగునీళ్ళ సీసాలు. రాత్రికి నెయ్యి పోసిన అన్నం. జాతర నెల వచ్చిందంటే ఇంక చెప్పనక్కర్లేదు. పూర్ణం పెట్టిన ఓళిగలు, చెనిక్కాయ బెల్లం ఉండలు, ఎండుకొబ్బరి. మా ఇంట్లోవి చాలవని వీధిలో ఇంటింటి నుంచీ ఒక గిన్నె వచ్చేది. తూకం పిల్లోడికి పెడితే పుణ్యమట! గిన్నె తెచ్చినావిడ వాడు తినేదాకా ఎదురుగా కూర్చునేది, ఖాళీ గిన్నె తీసుకుని పోయేది.

ఒక మాట చెప్పాలి. వాడు తిండిపోతు కాదు. వాణ్ణి అట్లా అన్నవాళ్ళతో నేను జుట్లు పట్టుకున్నాను. వాడు నోట్లో నాలుక లేని పిల్లోడు. పళ్ళెంలో ముద్ద మిగిలితే అవ్వ కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి, అది చూడలేక తినేవాడు. ఒక్కోసారి మింగలేక నావైపు చూసేవాడు. నేనేమో వాడు నన్ను ఊరిస్తున్నాడనుకునేదాన్ని.

ఎనిమిదో తరగతి అయ్యాక వేసవి సెలవుల్లో నాయన వాడికి నేత నేర్పాలని మగ్గంలో కూర్చోబెట్టాడు. ఆ గుంత నాయన కొలతకు తవ్వినది. వాడు కాళ్ళు దింపాడు గాని కడుపు, నేసిన బట్ట చుట్టుకునే ముందరి దోనెకు ఒత్తుకుని ఇరుక్కుపోయింది. వంగి, పోగును అటూ ఇటూ నడిపే నాడె అందుకోబోతే ఊపిరాడలేదు. నాయన చెయ్యి పట్టి పైకి లాగి, "తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు" అని నవ్వాడు. నూలు కండెలు చుట్టడానికి వచ్చిన పక్కింటి ఆడవాళ్ళూ నవ్వారు. వాడు కూడా నవ్వి, దుమ్ము దులుపుకుని పెరట్లోకి పోయాడు. ఎంతసేపటికీ రాకపోతే పోయి చూశాను. నీళ్ళతొట్టి వెనక కూర్చుని ఏడుస్తున్నాడు.

"అక్కా, నన్ను ఇంగ తక్కెడలో ఎక్కిచ్చొద్దని అవ్వకు సెప్పక్కా" అన్నాడు.

"నువ్వే సెప్పరా."

"నేను సెప్తే ఏడుస్తాది."

ఆ రోజుతో వాడి మీద నా కుళ్ళు పోయింది. అవ్వతో చెప్పాను. "దేవుని మొక్కు పిల్లోల్లిష్టమా? తప్పితే వానికే కదే కీడు" అని లెంపలు వేసుకుంది. నాయనతో చెప్తే "మీ అవ్వనడుగు" అన్నాడు. అమ్మతో చెప్తే "మీ నాయననడుగు" అంది. అంతే, చెప్పేవాడికి వినేవాడు లోకువ, మా ఇంట్లో నేను అందరికీ లోకువ.

తొమ్మిదో తరగతిలో జాతరకు వాడి బడి పిల్లలు కొందరు వచ్చారు. తట్ట లేవక మనుషులు బెల్లం మోసుకొచ్చి వేస్తూనే ఉన్నారు. "ఏయండ్రో, ఇంగా ఏయండి, తట్ట లేయల్యా!" అని ఎవడో అరిచాడు. జనం ఈలలు. సెల్‌ఫోన్లన్నీ పైకి లేచాయి. వాడు తట్టలో కాళ్ళు ముడుచుకుని, గొలుసు పట్టుకుని, తల వంచుకుని కూర్చున్నాడు. అవ్వ మాత్రం పట్టుచీరలో మురిసిపోతూ అందరికీ దండాలు పెడుతోంది. ఏం మురిపెమో, నా ఖర్మ! మరుసటి వారానికి ఆ వీడియో బడి అంతా తిరిగింది.

అప్పట్నుంచి వాడు బడిలో మధ్యాహ్నం అన్నం తినడం మానేశాడు. పళ్ళెం పట్టుకుంటే చాలు, "తక్కెడ తెండ్రా" అనేవాళ్ళట. నాలుగింటిదాకా ఖాళీ కడుపుతో ఉండి, బెల్లు కొట్టగానే బండి వెనక్కి పోయి, ఎవరూ చూడకుండా గబగబా బజ్జీలు మింగి, పైన ఒక రంగునీళ్ళ సీసా తాగి ఇంటికొచ్చేవాడు. ఇంట్లో మళ్ళీ అవ్వ పళ్ళెం. నాకు తెలిసి అడిగితే, "అప్పటికి కండ్లు తిరుగుతాండాయక్కా, ఏం సేయల్ల?" అన్నాడు.

పదో తరగతిలో, చలికాలం, దగ్గు పట్టుకుని వదల్లేదు. అమ్మా అవ్వా నేనూ వాణ్ణి ఆదోనికి తీసుకుపోయాం. డాక్టరమ్మ ఛాతీ చూసి, మందు రాసి, అంతటితో ఊరుకోలేదు. వాడి కాలరు కిందికి లాగి మెడ చూసింది. మెడ చుట్టూ నల్లటి పట్టీ ఉండేది. మురికనుకుని అమ్మ ఆదివారమాదివారం సున్నిపిండి పెట్టి పీచుతో తోమేది. తోమి తోమి అక్కడక్కడా చర్మం లేచిపోయి ఉంది.

"ఇది మురికి కాదమ్మా, తోమకండి. ఒంట్లో చక్కెర అదుపు తప్పేముందు ఇట్లా కనిపిస్తుంది. పరగడుపున రక్తపరీక్ష చేయించండి, ఆలస్యం చేయొద్దు. బజ్జీలు, తీపి, సీసాల్లో డ్రింకులు మానిపించండి. నెమ్మదిగా బరువు తగ్గాలి" అంది.

అవ్వ డాక్టరమ్మకు దండం పెట్టి బయటికొచ్చింది. బస్సులో మొదలుపెట్టింది. "సూసినావా, ఆయమ్మ కండ్లు బిడ్డ మీద ఎట్ల పడినాయో? కడుపున పుట్టినోల్లకు పెట్టే కూడు మానిపియ్యమంటాది!" ఇంటికి రాగానే ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. రక్తపరీక్ష ఊసు ఎవరూ ఎత్తలేదు. నేను ఎత్తాను. రోజూ ఎత్తాను. చివరికొక రోజు అవ్వ రొట్టె కొట్టడం ఆపి నా వైపు తిరిగింది.

"నీకేం తెలుసే ఆకలంటే? నేను సిన్నప్పుడు కరువులో మా సెల్లెలు గంజి గంజి అని ఏడ్సి ఏడ్సి నా ఒళ్ళోనే పోయింది. ఎముకలు సేతికి గుచ్చుకుంటాండె. సన్నగుండే పిల్లోన్ని సూస్తే నాకు పానం పోతాది. తిని లావై సచ్చినోన్ని యాడన్నా సూసినావా నువ్వు? సెప్పు!"

నేను చూడలేదు మరి. ఆ ముసలిదాని మీద నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. నాయన మగ్గంలోంచే పంచాయితీ తీర్చాడు. "జాతర కానీప్పా. ఈ ఒక్క తూకం కానీ. ఆమైన ఆదోనికి పోయి అన్ని పరీచ్చలూ సేపిద్దాం."

"అంతలోపల వానికేమన్నా అయితే?" అన్నాను. అమ్మ లేచొచ్చి నా చెంప పగలగొట్టింది. "నీ నోట్లో నుంచి ఒక మంచి మాట రాదేమే" అంది.

మాకు దిక్కు లేక, వాడూ నేనూ మా తిప్పలు మేం పడ్డాం. పొద్దున్నే ఇద్దరం సంత మైదానం చుట్టూ నడిచేవాళ్ళం. అవ్వ అటు తిరగగానే వాడి బజ్జీలు నా పళ్ళెంలోకి, నా రొట్టె వాడి పళ్ళెంలోకి మారేవి. సగం దినాలు పట్టుబడేవాళ్ళం. అయినా ఎండలు మొదలయ్యేసరికి వాడు నిజంగానే తగ్గడం మొదలుపెట్టాడు. నడుము దగ్గర ప్యాంటు జారుతోంది. బుగ్గలు దిగాయి. పరీక్షలు రాసి వచ్చిన రోజు పాత చొక్కా ఒకటి తొడుక్కుని అద్దం ముందు నిలబడి కేక పెట్టాడు.

"అక్కా, ఇట్ల రా! గుండీలు పట్టినాయి సూడు!"

ఇద్దరం గంతులు వేశాం. డాక్టరమ్మ చెప్పినట్టే అవుతోందని నేను పొంగిపోయాను. వాడు అన్నిసార్లు నవ్వడం ఆ నెలలోనే చూశాను. "ఈసారి జాతరలో తట్ట తటుక్కున లేస్తాది, నా కొడుకులు ఏం వీడియో తీసుకుంటారో తీసుకోనీ" అనేవాడు.

అవ్వ గుండెలు బాదుకుంది. జాతర ముంగిట్లో బిడ్డ చిక్కిపోతున్నాడని గిన్నెలు రెట్టింపు చేసింది. వాడికేమో ఒకటే దాహం. చెంబులకు చెంబులు తాగేవాడు, రాత్రిళ్ళు ఊరికే లేచేవాడు. ఎండలు కదా, అందరికీ దాహమే అనుకున్నాం. "ఉత్త నీళ్ళు తాగితే బలమేముంది, నాయనా" అని అవ్వ ముంతెడు బెల్లం పానకం చేసి పక్కనే పెట్టేది. చల్లగా, యాలకుల వాసనతో ఉండేది. వాడు గటగటా తాగేవాడు. తాగిన కొద్దీ దాహం, దాహమైన కొద్దీ పానకం. నడకకు రమ్మంటే "కాళ్ళు లాగుతాండాయక్కా" అని పడుకునేవాడు. బద్ధకం చేయొద్దురా, ఇంత తగ్గినావు, ఇంకొంచెం ఓర్చుకో అని నేను గదమాయించేదాన్ని.

జాతర రోజు వాడు పొద్దుటి నుంచే నీరసంగా ఉన్నాడు. అయినా కొత్త పంచె కట్టుకుని నవ్వుతూనే తట్టలో కూర్చున్నాడు. ముందటేడు పెట్టినన్ని దిమ్మెలు అవ్వ ఒకటొకటిగా పెట్టించింది. సగం దాటిన కాసేపటికే తట్ట లేచింది. డప్పులవాళ్ళు కొట్టబోయారు. "ఆపండి!" అని అరిచింది అవ్వ. "పోయినేటికి తగ్గకూడదు. పెట్టండి, అన్నీ పెట్టండి!"

పెట్టారు. బెల్లం తట్ట నేలకు ఆనుకుంది. వాడి తట్ట గాలిలోకి లేచి అక్కడే ఊగుతూ ఉండిపోయింది. జనం ఈసారి ఈలలు వేయలేదు, గుసగుసలాడుకున్నారు. అవ్వ నేల మీద పడి అమ్మవారికి పొర్లుదండాలు పెడుతోంది. వాడు అంత ఎత్తు నుంచి నన్ను వెతుక్కుని, "అక్కా, నీళ్ళు" అన్నాడు.

దింపేసరికి వాంతి చేసుకున్నాడు. గుడి నీడన పడుకోబెట్టాం. ఊపిరి లోతుగా, పెద్దగా తీస్తున్నాడు. దగ్గరికి వంగితే నోట్లోంచి మాగిపోయిన పండు వాసన. "తూకం తప్పినారు కదా, అమ్మోరికి కోపమొచ్చింది" అన్నారు ఎవరో. పసుపునీళ్ళు చల్లారు, వేపరెమ్మలతో విసిరారు, నుదుట బండారు పెట్టారు. నేను నాయన చొక్కా పట్టుకుని లాగాను. "ఆటో పిలుస్తావా, నన్ను ఈడ్నే తల పగలగొట్టుకోమంటావా?" అన్నాను. నా అరుపుకు డప్పులు ఆగాయి. నాయన అప్పుడు పరిగెత్తాడు.

ఆదోనిలో డాక్టరమ్మ వేలికి సూది గుచ్చి చూసి, మా ఎవరి వైపూ చూడకుండా సెలైను పెట్టించి, అంబులెన్సు పిలిచింది. "చక్కెర విపరీతంగా ఉంది. ఎన్నాళ్ళ నుంచి చిక్కిపోతున్నాడు?" అని అడిగింది. రెండు నెలలైందన్నాను. నడుస్తున్నాడు, బజ్జీలు తగ్గించాడు, అందుకే అనుకున్నామన్నాను. "చక్కెర ఒంటికి పట్టక, ఒళ్ళే కరిగిపోయిందమ్మా" అంది మెల్లగా. గుండీలు పట్టాయని మేం గంతులు వేసింది దీనికా!

కర్నూలు పెద్దాసుపత్రిలో వాణ్ణి లోపలికి తీసుకుపోయారు. అవ్వ వరండాలో గోడకానుకుని, "తక్కువ తూగినాడు, అందుకే ఇట్లయింది, తక్కువ తూగినాడు" అని అదే పనిగా అంటోంది. లోపలి నుంచి ఒక కుర్ర డాక్టరు పరిగెత్తుకుంటూ వచ్చి, మందు లెక్క వేయాలి, బాబు బరువెంత అని అడిగాడు. నాయన అమ్మ వైపు తిరిగాడు. అమ్మ నావైపు చూసింది. పుట్టినప్పటి నుంచి ఏటా ఊరంతా చూస్తుండగా తూచిన పిల్లోడి బరువు మాలో ఒక్కరికీ కిలోల్లో తెలియదు. దిమ్మెల్లో చెప్పమంటే చెప్తాం. ఆయన లోపలికి వెళ్ళిపోయాడు.

మరుసటి రోజు పొద్దున ఒకరిని రమ్మంటే నేను పోయాను. వాడి ముక్కుకూ చేతులకూ గొట్టాలు. పెదాలు ఎండి పగిలిపోయాయి. నేను తడిగుడ్డ అద్దుతుంటే కళ్ళు తెరిచాడు. గుర్తుపట్టాడు.

"తగ్గినాను కదక్కా?" అన్నాడు.

"తగ్గినావప్పా. శానా తగ్గినావు."

"అవ్వ ఏడుస్తాందా?"

"లేదులే. నువ్వు లేసినాక అన్నం పెడ్తాదంట."

వాడు కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "వచ్చే ఏడు నన్ను తక్కెడ ఎక్కిచ్చరు కదా?"

"ఎక్కిచ్చరు. నేను ఎక్కనియ్యను. ఒట్టు" అని వాడి చేతిలో చెయ్యి వేశాను.

ఆ మధ్యాహ్నమే వాడు పోయాడు. నా ఒట్టు అట్లా నిలిచింది.